హంద్రీ అవతల రెండెకరాలు

బబులోను చెర నుంచి తిరిగి వచ్చినవారి లెక్క ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో ఉంది. వంశాల పేర్లు, ఊళ్ల పేర్లు, మనుషుల సంఖ్య, చివరికి 6,720 గాడిదలు కూడా. చాలామంది ఆ అధ్యాయాన్ని చదవకుండానే పేజీ తిప్పేస్తారు. అందులో 59వ వచనం నుంచి కొందరు కనిపిస్తారు. ఏ ఊరి నుంచి వచ్చారో చెప్పగలిగారు గానీ తమ పితరులు ఎవరో చూపించలేకపోయారు. యాజకుల్లో కొందరు వంశావళి పుస్తకంలో తమ పేర్లు వెతుక్కుని, దొరక్క, యాజకత్వమే పోగొట్టుకున్నారు. కుటుంబ ప్రార్థనలో ఈ భాగం వచ్చినప్పుడల్లా మా అబ్బ ఒకటే మాట అనేవాడు: "మనదీ ఆ లెక్కేరా."

అబ్బ అంటే మా కర్నూలు వైపు తాత. మాది కల్లూరు. మా చిన్నతనంలో, అంటే 1970ల చివర, అది హంద్రీకి అవతలి ఒడ్డున ఉన్న పల్లె. ఏరు దాటితే పట్నం. ఇప్పుడు కర్నూలు నగరపాలక సంస్థలో కలిసిపోయింది. ఏ ఊరని అడిగితే మేము కల్లూరు అంటాం, మా పిల్లలు కర్నూలు అంటారు.

మా వంశావళి సంఘపు బాప్తిస్మ రిజిస్టరుతో మొదలవుతుంది. అక్కడ అబ్బ తండ్రి పేరు ఉంది. ఊరు కల్లూరు, వృత్తి కూలి. తండ్రి పేరు రాయవలసిన గడి ఖాళీ. అంతకు ముందు ఏ కాగితం మీదా మేము లేము. సెంటు భూమి లేనివాడి పేరు కరణం దఫ్తరంలో ఎందుకుంటుంది? సెమినరీలో సంఘ చరిత్ర చదివేటప్పుడు ఒక సంగతి తెలిసింది. ఇంగ్లండులో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు ప్రతి ఊరి చర్చిలోనూ పుస్తకంలో రాయాలని 1538లోనే ఆజ్ఞ వచ్చిందట. ఆ పుస్తకాలు దక్కిన పల్లెల్లో మామూలు పాలేరు కూడా పది పన్నెండు తరాల వెనక్కి తనవాళ్లను వెతుక్కోవచ్చు. మాకు నాలుగో తరం దగ్గరే గోడ అడ్డం వస్తుంది.

గోడకు ఆవల ఉన్నది అవ్వ చెప్పిన మాట ఒక్కటే: "కాలవ తవ్వనీకి వచ్చినోళ్లం." ఆ కాలువ కేసీ కెనాల్. సుంకేశుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లించి కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. కర్నూలు దగ్గర అది హంద్రీని పైనుంచి దాటుతుంది. కింద ఏరు, పైన కాలువ! మాకు అది ఎర్రసముద్రం కన్నా పెద్ద వింత. కంపెనీ నష్టాలపాలై 1882లో కాలువ ప్రభుత్వం చేతికి వచ్చింది. ఈ మధ్యలోనే 1876-78 ధాత కరువు. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. మావాళ్లు ఎలా బతికారో అవ్వకూ తెలియదు. కానీ ఆ కరువు భయం ఆమె చేతుల్లో ఉండేది. చేటలోంచి జారిన గింజను చీపురుతో ఊడ్చనిచ్చేది కాదు, వేళ్లతో ఏరేది.

అబ్బ ఒక పెద్ద రైతు దగ్గర జీతగాడు. ఆ ఇంటి ముందు పాతర ఉండేది. ఇప్పటి పిల్లలకు పాతర చూపించడానికి ఒక్కటీ మిగల్లేదు. నేలలో లోతుగా గుంత తీసి, చుట్టూ జొన్నచొప్ప పరిచి, జొన్నలు పోసి, పైన మట్టితో మూసేవారు. తెరిచిన వెంటనే దిగకూడదు, లోపలి గాలికి ప్రాణం పోతుంది. కాసేపు ఆగి, దీపం దించి, అది ఆరకపోతేనే మనిషి దిగేవాడు. ఆ దిగే మనిషి ఎప్పుడూ మా అబ్బే. గోడను ఆనుకున్న గింజలు ముక్కి, నల్లబడి ఉండేవి. కూలి కింద మా ఇంటికి వచ్చేది ఎక్కువగా ఆ జొన్నలే. ఎంత కడిగినా సంగటిలో ఆ వాసన పోయేది కాదు. సండేస్కూల్లో యోసేపును గుంటలో పడేశారని ఒక వారం, ఐగుప్తులో ధాన్యం దాచాడని మరో వారం చెప్పారు. మాకు రెండూ ఒకటే పాతర! తనను పడేసిన గుంతలోనే యోసేపు జొన్నలు పోసి మూశాడని చాన్నాళ్లు అనుకున్నాం.

సొంత నేల రాజధాని పుణ్యమా అని వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు సర్కారు ఆఫీసులకు చాలినన్ని ఇళ్లు లేక గుడారాలు వేశారు. అబ్బ, అవ్వ తెల్లారకముందే హంద్రీ దాటి కూలికి పోయేవారు. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. అప్పటికి కూడబెట్టిన డబ్బుతో రెండెకరాల మెట్ట కొన్నారు. వాన కురిస్తే ముంగారిలో కొర్ర, మధ్యలో కంది సాళ్లు, లేదంటే హింగారిలో జొన్న. అంతకు ముందు పంటల పండుగకు అవ్వ కోడిగుడ్లు తెచ్చేది. ఆ ఏడు తన చేని కొర్ర కంకులు తెచ్చి బల్ల ముందు పెట్టింది. తర్వాత వేలంలో ఎవరికీ దక్కనివ్వకుండా వాటిని తానే పాడుకుందని మా నాన్న నవ్వుతూ చెప్పేవారు.

ఇప్పుడు ఆ రెండెకరాలకు మూడు వైపులా ప్లాట్ల హద్దురాళ్లు. సేద్యం చేసేది మా తమ్ముడు. కూలీలు దొరకరు, కాలనీల మురుగు చేలోకి వస్తుంది, వాన రెండేళ్లకోసారి మొహం చాటేస్తుంది. అమ్మేస్తానన్నాడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న తమ్ముళ్లిద్దరూ, కువైట్‌లో ఉన్న చెల్లెలూ వద్దన్నారు. పితరుల స్వాస్థ్యాన్ని రాజుకైనా ఇవ్వనన్న నాబోతును ఫోనులోనే గుర్తు చేశారు. తమ్ముడు అన్నాడు: "నాబోతుకు ఎరువుల అంగట్లో బాకీ ఉన్నట్టు యాడా రాయల్యా గదన్నా."

ఆ మాటకు బదులు నాబోతు కథలో లేదు. లేవీయకాండం 25లో ఉంది. భూమి శాశ్వతంగా అమ్మకూడదని చెప్పే 23వ వచనం అందరికీ కంఠస్థమే. రెండు వచనాల తర్వాత ఏముందో ఎవరూ చెప్పరు. సహోదరుడు బీదవాడై నేల అమ్ముకుంటే దగ్గరి బంధువు వచ్చి విడిపించాలని ఉంది. అంటే అమ్మవద్దని చెప్పే నోటికి డబ్బు కట్టే బాధ్యత కూడా ఉంది. జీతాలమీద బతుకుతూ, సంక్రాంతికి వచ్చి గట్టుమీద ఫొటోలు దిగి వెళ్లేవారు పొలాన్ని నిలబెట్టలేరు. ధర్మశాస్త్రం ఈ విషయంలో మన మనోభావాలను అడగలేదు, వెల లెక్క కట్టమంది. యిర్మీయా కూడా అనాతోతులో పినతండ్రి కొడుకు పొలానికి 17 తులాల వెండి తూచి ఇచ్చాడు.

తమ్ముడి బాకీలన్నీ ఒక కాగితం మీద రాయించి ఐదు వంతులు వేశాం. మా వంతు ఇచ్చాం. చెల్లెలు తన వంతు వారంలోనే పంపింది. తమ్ముళ్లిద్దరి దగ్గర నుంచి ఇంకా కబురు లేదు. బ్రోకరును మృగశిర కార్తె దాకా ఆగమన్నాడు మా వాడు. విత్తనం కొర్రలు ఇంకా కొనలేదు.