మందలో ఆందోళన, బెదురు: ఒకే భయానికి రెండు మెట్లా?

గొర్రెల దొడ్డిలోకి రాత్రివేళ కుక్కలు చొరబడినప్పుడు కలిగే నష్టమంతా కాట్ల వల్లనే కాదు. మంద ఒక్కసారిగా ఒక మూలకు తోసుకుపోతే అడుగున పడిన జీవాలు ఊపిరాడక చనిపోతాయి. వాటి ఒంటిపై పంటి గాటు కూడా ఉండకపోవచ్చు. కృష్ణా మెట్టలోని రెడ్డిగూడెం, నందిగామ, జగ్గయ్యపేట పరిసరాలలో జీవాలనే నమ్ముకున్న కుటుంబానికి ఇది ఒక్క రాత్రిలో ఏడాది రాబడి పోగొట్టగల ప్రమాదం.

ఆందోళన ముదిరితే బెదురవుతుందని సాధారణంగా భావిస్తారు. రెంటినీ కలిపి ‘ఒత్తిడి’ అని రాసుకోవడమూ పరిపాటి. అయితే ప్రయోగశాల జంతువులపై జరిగిన పరిశోధన ఈ భావనను బలపరచడం లేదు.

హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్, కారొలిన్ బ్లాంచర్డ్ దంపతులు ఎలుకల ఆత్మరక్షణ ప్రవర్తనను దీర్ఘకాలం పరిశీలించారు. ప్రమాదం ఉండవచ్చునన్న సూచన మాత్రమే ఉన్నప్పుడు, అంటే పిల్లి వాసన తగిలి పిల్లి కనబడనప్పుడు, ఎలుక ఒళ్లు సాగదీసి, ఆగి ఆగి, పరిసరాలను పరికిస్తూ కదులుతుంది. ఇది ఆందోళన. శత్రువు ఎదుటికి వచ్చి మీదపడబోతే, దారి ఉంటే పారిపోతుంది. దారి లేకుంటే బిగుసుకుపోతుంది. మరీ దగ్గరైతే ఎదురు తిరుగుతుంది. కాపరులు బెదురు అనేది, వైద్యులు పానిక్ అనేది ఈ రెండో స్థితికి చేరువైనది.

ఈ రెంటి సంబంధాన్ని వివరిస్తూ 1991లో డీకిన్, గ్రాఫ్ ఒక ఆసక్తికరమైన ప్రతిపాదన చేశారు. సెరటోనిన్ అనే నాడీరసాయనం అమిగ్డలా ప్రాంతంలో ఆందోళనను పెంచుతుంది. నడిమెదడులోని పెరియాక్విడక్టల్ గ్రే పైభాగంలో మాత్రం పరుగును అణచివేస్తుంది. అనుమానంతో అడుగు వేస్తున్న జంతువు చీటికిమాటికి పరుగు లంకిస్తే శత్రువు కంట పడుతుంది గనుక, ఆందోళన బెదురుకు కళ్లెం వేయడం ప్రాణరక్షణకే ఉపకరిస్తుంది.

దీనిని పరీక్షించడానికి గ్రాఫ్ బృందం బ్రెజిల్‌లో ‘టీ’ ఆకారపు ఎత్తైన నడవను రూపొందించింది. గోడలున్న చేయిలో ఉంచిన ఎలుక బయటికి రావడానికి జంకుతుంది. గోడలు లేని చేయి చివర ఉంచితే లోపలికి పరుగెత్తుతుంది. డయాజెపామ్ ఇచ్చినప్పుడు జంకు తగ్గింది, పరుగు మారలేదు. ఇమిప్రమిన్, ఫ్లూఆక్సెటిన్ వంటి మందులను చాలా రోజులు వాడినప్పుడు పరుగు కూడా మందగించింది. మనుషులలో పానిక్ చికిత్సకు వాడేవి కూడా ఈ కోవకు చెందిన మందులే.

మరో ఆధారం మనుషుల నుంచి లభించింది. అమిగ్డలా దెబ్బతిని, బయటి ప్రమాదాలకు భయపడని ముగ్గురు రోగులు 35 శాతం కార్బన్ డయాక్సైడ్ పీల్చగానే తీవ్రమైన పానిక్‌కు లోనయ్యారని 2013లో ఫైన్‌స్టైన్ బృందం వెల్లడించింది. ఊపిరాడకపోవడం బెదురుకు స్వతంత్ర కారణం కాగలదన్న మాట. మూలలో కిక్కిరిసిన గొర్రెల విషయంలో ఇది ఆలోచింపజేసే ఫలితం: తొక్కిడి బెదురు పర్యవసానమే కాక, దానిని మరింత పెంచే కారణమూ కావచ్చు.

ఎలుకలోని ఫలితాన్ని యథాతథంగా గొర్రెకు అన్వయించరాదు. గొర్రె మందగా బ్రతికే జీవి. దాని పరుగు పక్క గొర్రె పరుగును బట్టి కూడా ఉంటుంది. అయినా క్షేత్ర పరిశీలనలో ఈ భేదం పనికివస్తుంది. చెవులు నిక్కించి, తల ఎత్తి, నెమరు మాని ఒకచోట చేరడం ఆందోళన లక్షణాలు. వీటికి నెమ్మదైన నిర్వహణ, పరిచిత కాపరి, కుక్కలు కనబడని దడి తోడ్పడతాయి. కాని మచ్చికైన మంద బెదరదన్న భరోసా లేదు. బెదురులో ప్రాణం నిలిపేది దొడ్డి నిర్మాణమే. కుక్క దూరలేని కంచె, గుండ్రంగా మలచిన మూలలు, పక్క ఆవరణలోకి తెరుచుకునే వెడల్పాటి ద్వారం, జీవాల సంఖ్యకు తగిన చోటు ఉండాలి.

కొలతల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పెరియాక్విడక్టల్ గ్రేను ఉద్దీపింపజేసి పరుగు తెప్పించిన ఎలుకలలో ఒత్తిడి హార్మోన్లు పెరగలేదని కొన్ని ప్రయోగాలు చూపాయి. కనుక ఘటన తరువాత తీసిన రక్తంలోని కార్టిసాల్‌ను మాత్రమే చూసి మంద ఆందోళన చెందిందా, బెదిరిందా అని తేల్చడం సాధ్యం కాదు. జీవాలు ఎటు కదిలాయి, ఎంత దూరం నుంచి కుక్కను గమనించాయి, ద్వారం ఏ దిక్కున ఉంది అన్నవి విద్యార్థి నమోదు పుస్తకంలో హార్మోను అంకె పక్కనే ఉండాలి.