గోబర్ గ్యాసులో నీటి ఆవిరి: గుర్తించే పద్ధతులు

ధనుర్మాసపు తెల్లవారుజామున గోబర్ గ్యాసు పొయ్యి మంట కొట్టుకుని ఆరిపోవడం భీమడోలు ప్రాంతపు పాడిరైతుకు కొత్త కాదు. పేడ చాలలేదనుకుని మరో తట్ట కలుపుతాడు. దోషం చాలాసార్లు తొట్టిలో కాక, గొట్టంలో నిలిచిన నీటిలో ఉంటుంది.

పేడనీటిపై నిలిచే వాయువు దాదాపు ఆవిరితో సంతృప్తమై ఉంటుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఘనమీటరు సంతృప్త వాయువులో సుమారు 30 గ్రాముల ఆవిరి ఇముడుతుంది. 20 డిగ్రీల వద్ద 17 గ్రాములే. మిగిలిన 13 గ్రాములు గొట్టంలో నీరవుతాయి. రోజుకు 2 ఘనమీటర్ల వాయువు ఇదే తీరున చల్లబడితే నెలకు ముప్పాతిక లీటరు పైమాటే. సన్నని గొట్టం పల్లంలో మూసుకుపోవడానికి అంత కూడా అక్కరలేదు.

ఆవిరికి పాఠశాలలో చెప్పే పరీక్ష మైలుతుత్తానిది. నీలి స్ఫటికాలను వేడిచేసి నీరు పోగొడితే తెల్లని పొడి మిగులుతుంది. తేమ తగిలితే మళ్లీ నీలమవుతుంది. మామూలు గాలికి ఇది చక్కగా పనికివస్తుంది. గోబర్ గ్యాసుకు మాత్రం నమ్మరాదు: అందులోని హైడ్రోజన్ సల్ఫైడు పొడిని నల్లబరుస్తుంది, అమ్మోనియా ఉంటే తేమ లేకున్నా ముదురు నీలం చేస్తుంది. కోబాల్టు క్లోరైడు కాగితం పొడిలో నీలం, తడిలో గులాబి; పట్టుకున్న వేళ్ల చెమటకే, కొల్లేటి గాలికే అది రంగు మారగలదు.

మండే పొయ్యిపై చల్లని గిన్నె ఉంచి, అడుగున పట్టిన చెమ్మను రుజువుగా చూపడమూ పొరపాటే. ఆ నీరు మంటలో పుట్టినది. ఒక్కో మీథేను అణువు మండితే రెండు నీటి అణువులు ఏర్పడతాయి. ఎంత పొడి వాయువైనా గిన్నెను తడుపుతుంది.

నమ్మదగినది చల్లార్చే పద్ధతి. పొడి గాజుసీసాకు రెండు రంధ్రాల బిరడా బిగించి, ఆరుబయట, నిప్పుకు దూరంగా, ఒక రంధ్రం గుండా వాయువు పంపి, రెండోదాని నుంచి లోపలి గాలిని పూర్తిగా వెళ్లగొట్టాలి. వాయువు పారుతుండగానే సీసాను నీటిలో ఉంచి, ఐసుముక్కలు కొద్దికొద్దిగా వేస్తూ థర్మామీటరు చూడాలి. సీసా లోపలి గోడన తొలి మంచుపొర కనిపించిన ఉష్ణోగ్రతే ఆ వాయువు తుషార స్థానం. బయటి గోడ చెమ్మ లెక్కలోకి రాదు. అది ఊరి గాలిది.

తుషార స్థానం తెల్లవారుజామున గొట్టం చల్లబడే ఉష్ణోగ్రత కన్నా ఎక్కువైతే నీరు చేరడం ఖాయం. అప్పుడు గొట్టానికి నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇచ్చి, అతి పల్లపు చోట నీటి ట్రాప్ అమర్చాలి. ట్రాప్ పట్టేది నీటినే, ఆవిరిని కాదు. కనుక దాని తరువాత పొయ్యి వరకు గొట్టం మళ్లీ ఎక్కడా పల్లం కాకూడదు.