ఇంటి పాతరను మీరే బాగుచేసికొనండి

నారాయణఖేడ్ ప్రాంతములో కొన్ని పాత ఇండ్లకు ఇప్పటికిని జొన్న పాతరలు ఉన్నవి. కొన్ని వాకిట, కొన్ని ఇంటి లోపలనే బండ క్రింద. జొన్నసాగు తగ్గి, గోనె సంచులు వచ్చిన తరువాత వీటిని చాలమంది చెత్తకు విడిచిపెట్టినారు. గోడలు గట్టిగా ఉన్న పాతరను ఇంటిల్లిపాది కలిసి ఒక వేసవిలో బాగుచేసికొనవచ్చును. తాపీవానితో పని లేదు.

పాతర గుణము ఏమన, మూత బిగించిన పిదప గింజలు, పురుగులు లోపలి ప్రాణవాయువును పీల్చివేసి బొగ్గుపులుసు వాయువును విడుచును. గాలి లేక ముక్కుపురుగు, నుసిపురుగు చచ్చును. మందుతో నిమిత్తము లేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఓడలు రాక ధాన్యము పేరుకొనిపోగా అర్జెంటీనా దేశమువారు నేలలో గాలి చొరని గాదెలు కట్టి నిలువ చేసినది ఈ సూత్రము మీదనే.

అయితే పురుగును చంపు ఆ గాలియే మనిషినీ చంపును. కావున పని మొదలుపెట్టక ముందే ఈ మాట వినండి. చాలకాలము మూసియున్న పాతరలోనికి మూత తీసిన వెంటనే దిగరాదు. బొగ్గుపులుసు వాయువు బరువైనది, తనంతట తాను పైకి రాదు. ఒకదినమంతయు మూత తెరచి ఉంచి, తూర్పారపట్టు ఫ్యానుకు గుడ్డగొట్టము కట్టి గాలిని అడుగువరకు పంపవలెను. పైచెత్తను కొక్కెముతో బయటనుండియే లాగవలెను. లాంతరు దింపి చూచుట మన పెద్దల పద్ధతి. ఆరినచో దిగరాదనుట నిజమే గాని, ఆరకున్నంత మాత్రమున భయము లేదనుకొనరాదు. పైగా చెత్త కుళ్లినచోట మండు వాయువు కూడ ఉండవచ్చును గనుక అట్టి పాతరలో నిప్పు చూపనే చూపవద్దు. దిగువాని చంకల క్రింద మోకు కట్టి, ఇద్దరు పైన పట్టుకొని ఉండవలెను. వాడు పడిపోయినచో మోకుతో పైకి లాగవలెనే గాని రక్షింపబోయి మరియొకడు దూకరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. పాతర ప్రమాదములలో ఒకరి వెంట ఒకరు పోవుట ఇట్లే జరుగును.

ఇక స్థలము. ఎర్రమొరములో త్రవ్విన పాతర నిలుచును. నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారును. ఆ బీటల వెంట వాననీరు దిగును. మీ పాతర రేగడిలో ఉన్నచో దానిమీద డబ్బు పెట్టవద్దు. భాద్రపద, ఆశ్వయుజ మాసములలో దగ్గరి బావి నీరు ఎంతవరకు లేచునో చూచి, పాతర అడుగు దానికి బాగుగా పైన ఉన్నదని నిశ్చయించుకొనండి.

గోడలు గీకి, బీటలలో తడిమట్టి దట్టించి, మెత్తని మట్టిని పేడతో కలిపి రెండుసార్లు పూయవలెను. మొదటి పూత పూర్తిగా ఆరనిదే రెండవది వేయరాదు. తొందరపడు రైతు చెడగొట్టునది ఇక్కడనే. పూత ఆరిన పిమ్మట అడుగునకు, గోడలకు 700 గేజి నల్లని పాలిథీను పట్టను అరచేతి వెడల్పున ఒకదానిపై ఒకటి వచ్చునట్లు పరచి, దానిలోపల మూడు అంగుళముల మందమున బాగుగా ఎండిన వరిగడ్డి పేర్చండి. పట్ట నేలతడిని ఆపును. గడ్డి, గింజలు పట్టకు తగిలి చెమర్చకుండ కాపాడును. 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు గల పాతరలో పైన అడుగు వదలి నింపినచో సుమారు 15 క్వింటాళ్ల జొన్నలు పట్టును. మీకు నిలువ చేయవలసినది 5 క్వింటాళ్లలోపే అయినచో ఇంత శ్రమ ఎందుకు? ఇనుప గాదె కొనుటయే మేలు.

జొన్నలలో తేమ నూటికి 12 పాళ్లకు మించరాదు. పంటికింద గింజ మెత్తగా నలిగినచో ఇంకను ఎండవలెను, పటుక్కున విరుగవలెను. ఎండబోసిన వేడి గింజలను అప్పుడే పోయక, రాత్రి చల్లబడనిచ్చి తెల్లవారి పోయవలెను. పైన గడ్డి, పట్ట, బండ వేసి, సందులను మట్టితో మెత్తి, నేలకు జానెడు ఎత్తున గుమ్మటముగా మట్టి పోయండి. వాకిట పాతరయైనచో మీద చిన్న కప్పు తప్పదు. విత్తనపు జొన్నలను మాత్రము ఇందులో పోయరాదు, మొలక తగ్గును.

కొద్దికొద్దిగా తీసికొని మరల మూయుటవలన బయటి గాలి, తేమ చేరి పురుగు మరల పుట్టును. కనుక తెరచిననాడే మొత్తము తీసివేసి, రెండుదినములు ఎండలో ఆరబోసి సంచుల కెత్తవలెను. ఆనాడు కూడ మూత తీసిన వెంటనే లోనికి దిగరాదు. ముందు చెప్పినట్లు గాలి పంపి, మోకు కట్టుకొనియే దిగవలెను.