37 పాయింట్లు కొట్టినా తొమ్మిదో పేరే

రెండేళ్లు వరుసగా అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడు. ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు. అలాంటివాడి పేరు దగ్గరికొచ్చేసరికి ప్రొఫెషనల్ క్లబ్బులు ఎందుకు తటపటాయించాయి?

2024 ఏప్రిల్ 8. అరిజోనా రాష్ట్రంలోని గ్లెండేల్‌లో కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్. కనెక్టికట్ 75, పర్డ్యూ 60. ఇంతవరకే చూస్తే ఏకపక్షంగా ముగిసిన మామూలు మ్యాచ్. స్కోర్‌షీట్‌లో కాస్త కిందికి దిగితే పర్డ్యూ సెంటర్ జాక్ ఈడీ పేరు కనిపిస్తుంది (మన పేపర్లలో రోజూ సోదాలు చేసే ఈడీ కాదు). ఆ పేరు ఎదురుగా 37 ఉంది. జట్టులో మిగిలినవాళ్లంతా కలిసి చేసింది 23.

ఈడీ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో నిలుస్తాడా, నిలవడా అన్న వాదన అప్పటికే ఏడాదికి పైగా సాగుతోంది. ఇరుపక్షాలూ ఈ ఒక్క కాగితాన్నే సాక్ష్యంగా తెచ్చుకున్నాయి. ఫైనల్లో 37 కొట్టినవాణ్ని ఎవరైనా వదులుకుంటారా అని ఒకరు. అతను 37 కొట్టినా జట్టు 15 తేడాతో ఓడింది, అది కనిపించడం లేదా అని మరొకరు. ఈ కథనం రాస్తున్నవారికి ఈడీ అంటే కాస్త పక్షపాతం ఉంది, ముందే చెప్పేయడం మేలు. అయినా ఆ రాత్రి వరకూ ఎక్కువ సంగతి ఉన్నది రెండోవారి మాటలోనే.

ఆ సీజనంతా పర్డ్యూ ఒకే సూత్రం మీద ఆడింది. బంతిని ఎవరికీ అందనంత ఎత్తులో ఈడీకి చేర్చాలి. 136 కిలోల మనిషి బాస్కెట్‌కి వీపు ఆనించి నిలబడ్డాక వెనకున్నవాడొక్కడు చేయగలిగింది పెద్దగా ఉండదు. కాబట్టి ఇంకొకడు సాయానికి పరుగెత్తుకొస్తాడు. వాడు వదిలేసి వచ్చిన మనిషి మూడు పాయింట్ల గీత దగ్గర ఖాళీగా ఉంటాడు. వచ్చిన ఇద్దరి తలల మీదుగా ఈడీ బంతిని అతనికి పంపేస్తాడు. ఆ ఏడాది మూడు పాయింట్ల షాట్లలో పర్డ్యూ విజయశాతం 40 చుట్టూ ఉంది. అంటే సాయానికి వస్తే మూడు పాయింట్లు పోతాయి, రాకపోతే రెండు పోతాయి.

కనెక్టికట్ కోచ్ డాన్ హర్లీ రెండోదానికే సిద్ధపడ్డాడు. 7 అడుగుల 2 అంగుళాల డోనవన్ క్లింగన్‌ని ఈడీ మీదికి ఒంటరిగా వదిలాడు. మిగతావాళ్లని పర్డ్యూ షూటర్లను అంటిపెట్టుకుని ఉండమన్నాడు. కొడితే కొట్టనీ, ఎంత కొట్టినా రెండేసి పాయింట్లే కదా అన్నది లెక్క. ఈడీ 25 సార్లు వేస్తే 15 పడ్డాయి. గురి తప్పి వెనక్కొచ్చిన బంతులు (రీబౌండ్లు) కూడా 10 లాగాడు. ఇప్పుడు అదే షీటులో మూడు పాయింట్ల గడి చూడాలి. పర్డ్యూ జట్టు మొత్తం కలిసి ప్రయత్నించింది 7, పడింది 1. ఒక మనిషికి 37 ఇచ్చి మ్యాచ్ గెలుచుకోవడం ఎలాగో హర్లీ అందరికీ చూపించాడు.

ఆ రాత్రి క్లింగన్ చేసింది 11 పాయింట్లు. రెండున్నర నెలల తర్వాత, జూన్ 26న, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో క్లింగన్‌ని పోర్ట్‌లాండ్ ఏడో వంతులో తీసుకుంది. ఈడీని మెంఫిస్ గ్రిజ్లీస్ పిలిచింది తొమ్మిదో వంతులో. డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ తరహా వేలం కాదు. డబ్బు పెంచి ఎవరినీ ఎగరేసుకుపోవడం కుదరదు. క్లబ్బులు వరుసలో ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి, ముందు సీజన్‌లో చతికిలబడ్డ జట్లకు లాటరీ తీసి ముందు వంతులిస్తారు. మొదటి రౌండులో ఎన్నో పేరుగా పిలిచారన్నదాన్ని బట్టే కుర్రాడి తొలి జీతం.

ఈడీ పాయింట్లు కొట్టగలడా అని ఎవరూ అనుమానించలేదు. చివరి సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 25.2 పాయింట్లతో దేశంలోనే ముందున్నాడు, 12.2 రీబౌండ్లు. టెన్నెసీ మీద 40 కొట్టి పర్డ్యూని ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్లాడు. భయమంతా అతను ఆపాల్సి వచ్చినప్పటి గురించే.

కాలేజీ ఆటలో పొడుగు సెంటర్ బాస్కెట్ కింద గొడుగు పట్టినట్టు నిలబడిపోవచ్చు. ఎన్‌బీఏలో ఆ వీలు లేదు. తను కాయాల్సిన ఆటగాడు చేతికందే దూరంలో లేకుండా డిఫెండర్ బాస్కెట్ ముందు రంగు వేసిన భాగంలో (దాన్ని పెయింట్ అంటారు) మూడు సెకన్లు దాటి నిలబడితే అవతలివాళ్లకు ఫ్రీత్రో ఇస్తారు. 2001లో వచ్చిన నిబంధన ఇది. దీనికి తోడు పిక్ అండ్ రోల్. బంతి పట్టుకున్న గార్డు వస్తుంటే, అతని జట్టు పొడుగు మనిషి దారిలో అడ్డంగా స్తంభంలా నిలుస్తాడు. గార్డుని వెంటాడుతున్నవాడు ఆ స్తంభానికి తగులుకుని అరక్షణం వెనకబడతాడు. ఆ అరక్షణంలో అవతలి సెంటర్ తేల్చుకోవాలి. వెనక్కి తగ్గితే గార్డు దూరం నుంచే మూడు పాయింట్లు వేసేస్తాడు. ముందుకొస్తే ఆరడుగుల కుర్రాడు పక్కనుంచి జారిపోతాడు, 136 కిలోలు వెనక్కి తిరిగేలోపు బంతి వలలో ఉంటుంది. స్టెఫెన్ కరీ తరహా గార్డులు పుట్టుకొచ్చాక మంచి జట్లు ఎదుటి సెంటర్లలో నెమ్మదైనవాణ్ని వెతికి పట్టుకుని, పదేపదే అతన్నే ఈ ఇరకాటంలోకి లాగుతున్నాయి. క్లింగన్ 11 పాయింట్ల కన్నా అతని అడుగుల కదలికకు, చేతుల అడ్డానికి ఎక్కువ మార్కులు పడ్డాయంటే కారణం ఇదే.

పాత అనుభవాలూ భయపెట్టాయి. 2021 ఉత్తమ ఆటగాడు, అయోవా సెంటర్ లూకా గార్జాకి పిలుపొచ్చింది 52వ వంతులో. 2022 ఉత్తమ ఆటగాడు, కెంటకీకి చెందిన ఆస్కార్ షీబ్వేకి డ్రాఫ్ట్‌లో అసలు పిలుపే రాలేదు. ఇక మెంఫిస్ సొంత కథ మరీ చేదు. 2009లో రెండో వంతు చేతిలో ఉంటే ఆ క్లబ్బు 7 అడుగుల 3 అంగుళాల హషీమ్ థబీట్‌ని తీసుకుంది. మూడో వంతులో వెళ్లినవాడు జేమ్స్ హార్డెన్, ఏడో వంతులో వెళ్లినవాడు కరీ. పదిహేనేళ్ల తర్వాత అదే క్లబ్బు మళ్లీ ఓ తాడిచెట్టు మీద పందెం కట్టింది!

పొడుగు సెంటర్ల చరిత్ర గబగబా చెప్పుకుంటే ఇది: ఎన్‌బీఏ సెంటర్ జార్జ్ మైకన్ బాస్కెట్ కింద పాతుకుపోతున్నాడని 1951లో ఆ పెయింట్ వెడల్పును 6 అడుగుల నుంచి 12కి పెంచారు, 1967లో లూ అల్సిండర్ (తర్వాతి కాలంలో కరీమ్ అబ్దుల్ జబ్బార్) కాలేజీలో ఉండగా బంతిని పైనుంచి బాస్కెట్‌లోకి కుక్కే డంక్‌నే నిషేధించారు, 1979లో ఎన్‌బీఏ మూడు పాయింట్ల గీత గీసింది, ఆట మెల్లగా బాస్కెట్ నుంచి దూరం జరిగింది. ఈడీకి ముందు వరుసగా ఉత్తమ కాలేజీ ఆటగాడైన రాల్ఫ్ శాంప్సన్‌ది కూడా 7 అడుగుల 4 అంగుళాలే. 1983 డ్రాఫ్ట్‌లో అతనిది మొట్టమొదటి పేరు.

మరి మెంఫిస్ ఎందుకు తెగించింది? అంతకుముందు సీజన్ గాయాలతో అల్లకల్లోలమై 27 గెలిచి 55 ఓడింది. జట్టు ప్రధాన గార్డు జా మోరాంట్ ఆడింది 9 మ్యాచ్‌లే. అతని కోసం స్తంభంలా అడ్డు నిలిచే స్టీవెన్ ఆడమ్స్‌ని ఫిబ్రవరిలో హ్యూస్టన్‌కి ఇచ్చేసింది. ఆ ఖాళీకి కొలతలు సరిపోయాయి. షికాగోలో జరిగిన కొలతల శిబిరంలో ఈడీ బూట్లు లేకుండా 7 అడుగుల 3¾ అంగుళాలు తేలాడు, చాచిన చేతుల మధ్య దూరం 7 అడుగుల 10¾ అంగుళాలు. అక్షరాలా ఆజానుబాహువే. పక్కన అప్పట్లో జారెన్ జాక్సన్ జూనియర్ ఉన్నాడు, 2023లో లీగ్‌లోనే ఉత్తమ డిఫెండర్. ఈడీ వెనకబడినా సర్దగలడు, అటువైపు మూడు పాయింట్లూ వేయగలడు. మిగతా క్లబ్బులు ఈడీలో లోపాలు లెక్కపెడుతుంటే మెంఫిస్ ఆ లోపాలను కప్పే మనుషులు తన దగ్గరున్నారా అని చూసుకుంది. ఇలాంటి ఆటగాడి విషయంలో అడగాల్సిన ప్రశ్న అదే.

ఎఫ్-1 వీసా మీద ఓ స్టార్
ఈడీది కెనడాలోని టొరంటో. చిన్నప్పుడు హాకీ, బేస్‌బాల్ ఆడాడు, బాస్కెట్‌బాల్‌లోకి వచ్చింది హైస్కూల్లోనే. ఇండియానాలోని పర్డ్యూలో అతను ఎఫ్-1 వీసా విద్యార్థి. ఆ రెండక్షరాల కథ తెలుగిళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ అమ్ముకుని సంపాదించవచ్చు. తోటి ఆటగాళ్లు ప్రకటనల్లో కనిపిస్తుంటే, దేశంలోకెల్లా పేరున్న ఈడీకి మాత్రం అమెరికా గడ్డ మీద అలాంటి పని చేయడానికి వీసా అడ్డం. 2023 డిసెంబరులో పర్డ్యూ టొరంటో వెళ్లి అలబామాతో ఆడింది. సొంతూరిలో ఆ అడ్డు లేదు. ఆ మ్యాచ్‌లో 35 కొట్టాడు, పర్డ్యూ 92-86తో గెలిచింది.

బల్లోకే కుర్రాడు
ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీలో ఈడీ కన్నా ముందే ఒక పంజాబీ చదివాడు. బల్లోకే గ్రామానికి చెందిన సత్‌నామ్ సింగ్, 7 అడుగుల 2 అంగుళాలు. కాలేజీ మెట్టు ఎక్కకుండానే 2015 డ్రాఫ్ట్‌లో డాలస్ మావరిక్స్ అతన్ని 52వ వంతులో పిలిచింది. భారత్‌లో పుట్టి డ్రాఫ్ట్‌లో పేరొచ్చిన మొదటివాడు. ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. తర్వాత ప్రొఫెషనల్ రెజ్లింగ్‌కి మళ్లాడు.

ఇక ఫలితం. మొదటి ఏడాది ఈడీ 66 మ్యాచ్‌లు ఆడి సగటున 9.2 పాయింట్లు, 8.3 రీబౌండ్లు తెచ్చాడు. 2025లో లీగ్ ప్రకటించిన ఉత్తమ కొత్త ఆటగాళ్ల మొదటి జట్టులో చోటు దక్కింది. క్లింగన్ రెండో జట్టులో ఉన్నాడు. పర్డ్యూలో నాలుగేళ్లలో రెండంటే రెండు మూడు పాయింట్ల షాట్లు ప్రయత్నించినవాడు, ఎన్‌బీఏ మొదటి సీజన్‌లో 34 శాతానికి పైగా వేశాడు. మైదానంలో ఉన్నది మాత్రం మ్యాచ్‌కి 21 నిమిషాల చిల్లర. కాలేజీ చివరి ఏడాది 32 నిమిషాలు ఆడేవాడు.

దీంతో అభిమానులు గెలిచామన్నారు. అంతలోనే 2025 జూన్‌లో ఈడీ ఎడమ చీలమండకు శస్త్రచికిత్స జరిగింది. పొడుగు మనుషుల విషయంలో క్లబ్బుల డాక్టర్లు మొదట చూసేది కాళ్లనే. 2007లో కెవిన్ డ్యురాంట్ కన్నా ముందు, మొట్టమొదటి పేరుగా వెళ్లిన గ్రెగ్ ఓడెన్ మోకాళ్లు దెబ్బతిని ఎన్‌బీఏలో మొత్తం 105 మ్యాచ్‌లే ఆడగలిగాడు. ఈడీలా మొదటి రౌండులో తీసుకున్న ఆటగాడికి రెండేళ్ల జీతం ఖాయం, మూడో ఏడు, నాలుగో ఏడు ఉంచుకోవాలా వద్దా అన్నది క్లబ్బు ఇష్టం.