స్వేచ్ఛా మార్కెట్ పుస్తకాలు: అపోహలు – వాస్తవాలు

వ్యక్తి స్వేచ్ఛకు పెద్దపీట వేసే లిబర్టేరియన్ ఆలోచన గురించి, స్వేచ్ఛా మార్కెట్ ఆర్థికశాస్త్రం గురించి తెలుసుకోవాలనుకునే పాఠకుడికి ముందుగా తారసపడేవి పేరుమోసిన పుస్తకాలు. ఎంత పేరున్నా అవన్నీ ముందుగా చదవదగ్గవి కావు. అందుకే కొందరు లావుపాటి గ్రంథం ముందు చతికిలబడతారు, ఇంకొందరు ఒక్క నవల చదివి అంతా అర్థమైందనుకుంటారు. పుస్తకాల ఎంపిక చుట్టూ అల్లుకున్న అపోహల్లో చాలావాటికి మూలం ఒకటే: ఒకరితో ఒకరు విభేదించిన రచయితలందరూ ఒకే మాట చెప్పారనుకోవడం.

అపోహ: అయిన్ రాండ్ నవలతోనే మొదలుపెట్టాలి.

1943 నాటి 'ద ఫౌంటెన్‌హెడ్', 1957లో వచ్చిన వెయ్యి పేజీల పైచిలుకు 'అట్లాస్ ష్రగ్డ్' పాఠకులను ఊపేసే నవలలు. కానీ ధర ఎలా ఏర్పడుతుంది, సుంకం భారం చివరికి ఎవరి నెత్తిన పడుతుంది, అద్దెలకు కళ్లెం వేస్తే ఇళ్లు ఎందుకు దొరకవు అనే ప్రశ్నలకు జవాబు చెప్పడం నవల పని కాదు. పైగా రాండ్ తన తత్వానికి ఆబ్జెక్టివిజం అని వేరే పేరు పెట్టుకున్నారు; లిబర్టేరియన్ అన్న ముద్రను ఒప్పుకోకపోగా ఆ వర్గాన్ని ఘాటుగా విమర్శించారు.

మొదటి మెట్టుగా ఫ్రెంచి రచయిత ఫ్రెడరిక్ బాస్టియా చిన్న వ్యాసాలు ఎంతో నయం. 1845లో ఆయన రాసిన కొవ్వొత్తుల తయారీదారుల అర్జీ కొద్ది పేజీలే. ఒక విదేశీ పోటీదారు వెలుగును కారుచౌకగా దేశం మీద కుమ్మరిస్తున్నాడు, మా వ్యాపారం మునిగిపోతోంది, అడ్డుకోండి అని వాళ్లు చట్టసభకు మొరపెట్టుకుంటారు. ఆ పోటీదారు సూర్యుడు. పగలు కిటికీలు, తలుపులు, సందులు అన్నీ మూయించే చట్టం తెస్తే కొవ్వుకోసం పశువుల పెంపకం, నూనెకోసం ఆలివ్ సాగు పెరిగి దేశమంతటికీ పని దొరుకుతుందని లెక్కలు కూడా చూపిస్తారు. దిగుమతులను అడ్డుకుంటే ఉపాధి పెరుగుతుందన్న వాదనలోని డొల్లతనాన్ని ఇంత సూటిగా బయటపెట్టిన రచన మరొకటి దొరకడం కష్టం. 1850లో ఆయన రాసిన మరో వ్యాసం, కంటికి కనిపించే ఫలితంతోపాటు కనిపించని నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోమంటుంది. ఆ ఒక్క సూత్రాన్నే పట్టుకుని అమెరికన్ పాత్రికేయుడు హెన్రీ హాజ్లిట్ 1946లో 'ఎకనామిక్స్ ఇన్ వన్ లెసన్' రాశారు. బాస్టియా తర్వాత చదవాల్సింది అదే.

అపోహ: లావు పుస్తకం చదివితేనే చదివినట్టు.

లుడ్విగ్ ఫాన్ మీసెస్ 1949 నాటి 'హ్యూమన్ యాక్షన్' తొమ్మిది వందల పేజీలకు అటూఇటూ ఉంటుంది. అది ధరలతో మొదలవదు. మనిషి చేసే పనిని శాస్త్రం ఎలా పరిశీలించాలన్న తాత్విక చర్చతో మొదలవుతుంది. కొత్తవాళ్లు అక్కడే ఆగిపోతే తప్పు వాళ్లది కాదు.

మీసెస్ సంప్రదాయంలోనిదే ఒక ముఖ్యమైన ఆలోచన ఎఫ్.ఎ. హయెక్ 1945లో రాసిన 'ద యూజ్ ఆఫ్ నాలెడ్జ్ ఇన్ సొసైటీ' అనే చిన్న వ్యాసంలో ఉంది. ఆయన తగరాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. ప్రపంచంలో ఎక్కడో తగరానికి కొత్త ఉపయోగం దొరికింది, లేదా ఒక గని మూతపడింది. ఆ రెండింటిలో ఏది జరిగిందో తగరం వాడేవాళ్లకు తెలియనక్కర్లేదు. ధర పెరిగింది కాబట్టి పొదుపుగా వాడతారు, దాని బదులు మరో లోహం చూసుకుంటారు. దాంతో ఆ లోహం ధరా కదులుతుంది, దాన్ని వాడేవాళ్లూ సర్దుకుంటారు. మొత్తం సంగతి ఏ ఒక్కరికీ తెలియకుండానే, ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే పని జరిగిపోతుంది. కేంద్ర ప్రణాళికకు హయెక్ చెప్పిన అభ్యంతరం అర్థం కావాలంటే ఈ వ్యాసం రెండుసార్లు చదవాలి. గ్రాఫులు, సమీకరణాలు లేకుండా పాఠ్యపుస్తకం కావాలనుకునేవారికి థామస్ సోవెల్ 'బేసిక్ ఎకనామిక్స్' ఉంది.

అపోహ: ఈ రచయితలందరూ ప్రభుత్వమే వద్దంటారు.

పుస్తకాలు తెరవకుండా ఏర్పడిన అభిప్రాయం ఇది. ఆడమ్ స్మిత్ 1776 నాటి 'ద వెల్త్ ఆఫ్ నేషన్స్'లో దేశరక్షణ, న్యాయపాలన, వ్యాపారికి గిట్టుబాటు కాని ప్రజోపయోగ పనులు పాలకుడి బాధ్యతలన్నారు. పేదల పిల్లల చదువుకు ప్రభుత్వ సాయం ఉండాలన్నారు. హయెక్ 1944లో 'ద రోడ్ టు సెర్ఫ్‌డమ్' రాస్తూ, సంపన్న సమాజంలో అందరికీ కనీస తిండి, బట్ట, గూడు అందేలా చూడటం స్వేచ్ఛకు విరుద్ధం కాదని ఒప్పుకున్నారు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962 నాటి 'క్యాపిటలిజం అండ్ ఫ్రీడమ్'లో, ఆదాయం ఒక హద్దుకు తగ్గినవారికి పన్ను శాఖే నగదు చెల్లించే పద్ధతిని ప్రతిపాదించారు. రాబర్ట్ నోజిక్ 1974లో పోలీసు, న్యాయస్థానం, రక్షణ వరకే పరిమితమైన రాజ్యాన్ని సమర్థించారు. రాజ్యమే వద్దన్నది ముర్రే రాత్‌బార్డ్. 1973 నాటి 'ఫర్ ఎ న్యూ లిబర్టీ' ఆయన వాదనకు తేలికైన పరిచయం.

డబ్బు విషయానికి వస్తే తగాదా ఇంకా స్పష్టం. కేంద్ర బ్యాంకు ద్రవ్య సరఫరాను ఏటా ఒకే రేటున పెంచాలన్నారు ఫ్రీడ్‌మన్. ఆ బ్యాంకునే రద్దుచేసి బంగారానికి మళ్లాలన్నారు రాత్‌బార్డ్. హయెక్ 1976లో ప్రైవేటు సంస్థలే పోటీపడి కరెన్సీలు జారీచేయాలన్నారు. వాదించే తీరులోనూ తేడా ఉంది: ఫ్రీడ్‌మన్ గణాంకాలతో సిద్ధాంతాన్ని పరీక్షిస్తారు, మీసెస్ మౌలిక సూత్రాల నుంచి తర్కంతో ముందుకు వెళ్తారు. ఒకరి పుస్తకం చదివి మరొకరి అభిప్రాయం చెప్పేయడం వల్లే ఎన్నో పొరపాట్లు జరుగుతున్నాయి.

అపోహ: ఇవి పెద్ద వ్యాపారుల తరఫున రాసినవి.

వ్యాపారులు వీటిని వాడుకున్న మాట నిజం. 'ద రోడ్ టు సెర్ఫ్‌డమ్' బొమ్మల రూపాన్ని జనరల్ మోటార్స్ కంపెనీ పంచిపెట్టింది. కానీ ఒకే వృత్తివాళ్లు కలిశారంటే ధరలు పెంచే కుట్రే జరుగుతుందని హెచ్చరించింది స్మిత్. ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యాన్ని ఆయన తీవ్రంగా ఖండించారు, బెంగాల్‌లో కొరత కరువుగా మారడానికి కంపెనీ ఉద్యోగులు బియ్యం వ్యాపారం మీద పెట్టిన ఆంక్షలు కూడా దోహదపడి ఉండవచ్చన్నారు.

అపోహ: ఇదంతా పాశ్చాత్యుల గొడవ, భారతీయ రచనలు లేవు.

1955లో రెండో పంచవర్ష ప్రణాళికపై ఆర్థికవేత్తల మండలి ఇచ్చిన నివేదికతో బి.ఆర్. షెనాయ్ ఒక్కరే విభేదించారు. ప్రణాళిక ఖర్చుకు లోటు ద్రవ్యాన్ని అతిగా వాడితే ధరలు పెరుగుతాయని, వాటి వెంట నియంత్రణలూ పెరుగుతాయని తన అసమ్మతి పత్రంలో హెచ్చరించారు. రెండేళ్లు తిరగకుండానే దేశాన్ని విదేశీ మారకద్రవ్య సంక్షోభం చుట్టుకుంది. ఆ పత్రం నేటికీ చదవదగ్గది.

తెలుగు పాఠకులకు ఈ చరిత్ర పరాయిది కాదు. సహకార సమష్టి వ్యవసాయం వైపు మొగ్గిన 1959 నాటి కాంగ్రెస్ నాగపూర్ తీర్మానాన్ని ఎదిరించి, గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా ఆ పార్టీని వదిలిపెట్టారు. అదే ఏడాది రాజాజీ, మినూ మసానీ తదితరులతో ఏర్పడిన స్వతంత్ర పార్టీకి ఆయనే తొలి అధ్యక్షుడు. ఆయన వాదనకు కేంద్రం కర్మాగారం కాదు, తన పొలం తాను దున్నుకునే రైతు. అందుకే రంగా ఆత్మకథ 'ఫైట్ ఫర్ ఫ్రీడమ్' చదివితే ఆస్తి హక్కు గురించి అమెరికన్ పుస్తకాల్లో కనిపించని కోణం కనిపిస్తుంది. అడుగడుగునా ప్రభుత్వ అనుమతి కావాల్సిన పర్మిట్-లైసెన్స్ రాజ్యం మీద రాజాజీ వ్యాసాలు వెలువడిన 'స్వరాజ్య' పత్రికను 1956లో మద్రాసులో స్థాపించింది తెలుగువాడైన ఖాసా సుబ్బారావు. స్వతంత్ర పార్టీలో సంస్థానాధీశులూ పెద్ద భూస్వాములూ కూడా చేరారు. ఆ సంగతిని దాచకుండా చర్చించే పుస్తకం హోవర్డ్ ఎర్డ్‌మన్ 1967లో ప్రచురించిన అధ్యయనం.

అపోహ: విమర్శకుల పుస్తకాలు తర్వాత చూసుకోవచ్చు.

'ద రోడ్ టు సెర్ఫ్‌డమ్' వెలువడగానే చదివి హయెక్‌కు ఉత్తరం రాసినవారిలో జాన్ మేనార్డ్ కీన్స్ ఒకరు. నైతికంగా ఏకీభవిస్తూనే, రాజ్యం జోక్యానికి గీత ఎక్కడ గీయాలో హయెక్ చెప్పలేదని నిలదీశారు. ఆ ప్రశ్న తెలిసి చదివితే పుస్తకం బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. అదే 1944లో కార్ల్ పొలాన్యీ 'ద గ్రేట్ ట్రాన్స్‌ఫర్మేషన్'లో, స్వేచ్ఛా మార్కెట్‌ను నిలబెట్టింది కూడా రాజ్యమేనని వాదించారు. నోజిక్‌ను జాన్ రాల్స్ నుంచి విడదీసి చదవడం అసలు కుదరదు. 1971లో వచ్చిన రాల్స్ 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్'కు జవాబు చెబుతూ నోజిక్ తన 1974 నాటి పుస్తకం రాశారు. మనిషి తనకు తానే యజమాని అన్న నోజిక్ వాదాన్ని అందరికంటే శ్రద్ధగా పరిశీలించినవాడు మార్క్సిస్టు తత్వవేత్త జి.ఎ. కోహెన్. తన సోషలిస్టు నమ్మకాలను నోజిక్ వాదన కుదిపిందని ఒప్పుకుని, 1995లో ఆయన దానికి పుస్తకమంత జవాబు రాశారు.