ప్లూరసీలో స్టెరాయిడ్: రక్తపరీక్ష చెప్పే సంగతులు

ఊపిరితిత్తుల చుట్టూ రెండు పలుచని పొరలుంటాయి. ఒకటి ఊపిరితిత్తిని అంటిపెట్టుకుని ఉంటే, రెండోది పక్కటెముకల లోపలివైపు పరుచుకుని ఉంటుంది. రెండింటి మధ్యా కొద్ది మిల్లీలీటర్ల ద్రవం ఉండి, అవి ఒరుసుకోకుండా చూస్తుంది. ఈ పొరలు వాచడాన్ని ప్లూరసీ అంటారు. గాలి పీల్చినప్పుడల్లా పక్కలో పొడిచినట్టు నొప్పి, పొడి దగ్గు, జ్వరం వస్తాయి. పొరల మధ్య నీరు చేరాక నొప్పి కాస్త తగ్గి, ఆయాసం మొదలవుతుంది. న్యుమోనియా, క్యాన్సర్, లూపస్ వంటి ఎన్నో జబ్బులు దీనికి దారితీస్తాయి. మన దేశంలో మాత్రం డాక్టర్లు ముందుగా అనుమానించే వాటిలో క్షయ ఒకటి.

క్షయ వల్ల వచ్చే ప్లూరసీలో ఒక విశేషం ఉంది. ఛాతీలోంచి తీసిన నీటిలో క్షయ క్రిములు చాలా తక్కువగా కనిపిస్తాయి. అక్కడ జరిగే హడావిడిలో ఎక్కువ భాగం ఒంటి రోగనిరోధక వ్యవస్థదే. క్రిమి అవశేషాల మీదికి టి-లింఫోసైట్లు అనే తెల్లకణాలు పెద్దసంఖ్యలో చేరతాయి. అవి వదిలే రసాయనాల వల్ల సన్నని రక్తనాళాల గోడలు వదులై, ప్రొటీన్లతో నిండిన ద్రవం బయటికి ఊరుతుంది. లింఫోసైట్లు పొరల దగ్గరికి తరలిపోవడంతో రక్తంలో వాటి సంఖ్య తగ్గడమూ కనిపిస్తుంది. ఈ రోగనిరోధక స్పందనను అదుపు చేస్తే మేలు కలుగుతుందన్న ఆలోచనతోనే ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్లను ఇక్కడ వాడి చూశారు. ఈ కుటుంబంలో కార్టిసోన్‌ను 1948లో తొలిసారి కీళ్లవాతానికి ఇచ్చారు. ఆ పరిశోధనలకు 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టీన్‌లకు నోబెల్ బహుమతి దక్కింది.

స్టెరాయిడ్ కణం లోపలికి వెళ్లి, వాపును రగిలించే జన్యువుల పనిని తగ్గిస్తుంది. దాంతో రక్తనాళాల నుంచి ద్రవం కారడం తగ్గుతుంది, తెల్లకణాల వలసా నెమ్మదిస్తుంది. అయితే అదే సమయంలో రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు తగ్గకపోగా పెరిగినట్టు తేలవచ్చు. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో 4,000 నుంచి 11,000 దాకా ఉండే సంఖ్య 15,000 దాటిందంటే ఇన్ఫెక్షన్ ముదిరిందని రోగి ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. ఆ భయం సహజమే కానీ, చాలాసార్లు కారణం మందే.

రక్తంలోని న్యూట్రోఫిళ్లు అనే తెల్లకణాల్లో చాలా భాగం ఎప్పుడూ నాళాల గోడలకు అతుక్కుని ఉంటాయి. సూదితో తీసిన రక్తంలో అవి లెక్కకు రావు. స్టెరాయిడ్ ఆ పట్టును సడలించగానే అవి ప్రవాహంలోకి వస్తాయి. ఎముక మజ్జ మరికొన్నింటిని విడుదల చేస్తుంది. వాపు ఉన్న చోటికి పోవడం తగ్గినందువల్ల అవి రక్తంలోనే ఎక్కువసేపు ఉండిపోతాయి. అంటే, ఛాతీలోకి చేరాల్సినవే రక్తంలో నిలిచి అంకె పెరుగుతుంది. లింఫోసైట్ల తీరు ఇందుకు వ్యతిరేకం. మాత్ర వేసుకున్న 4 నుంచి 6 గంటల్లో అవి బాగా తగ్గి, ఎక్కువగా మజ్జ వంటి చోట్లకు చేరుకుంటాయి. ఒక్క మోతాదే అయితే 24 గంటల్లో మళ్లీ మామూలు స్థాయికి వస్తాయి. మరో రకం తెల్లకణాలైన ఇయోసినోఫిళ్లు దాదాపు కనుమరుగవుతాయి. వాపును తెలిపే పరీక్షల్లో సీఆర్పీ త్వరగా దిగుతుంది, ఈఎస్ఆర్ నింపాదిగా తగ్గుతుంది. షుగర్ పెరుగుతుంది, అదీ ఉదయం మాత్ర వేసుకున్నవారిలో మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కువ. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయిస్తే ఈ పెరుగుదల దొరక్కపోవచ్చు.

పెరిగిన తెల్లకణాలు మందు వల్లా, కొత్త ఇన్ఫెక్షన్ వల్లా అన్నది తేల్చడానికి రక్తపు చుక్కను గాజుపలక మీద పరచి చూడడం ఎంతో ఉపయోగపడుతుంది. ఇన్ఫెక్షన్‌లో పూర్తిగా పరిపక్వం కాని న్యూట్రోఫిళ్లు ఎక్కువగా కనిపిస్తాయి, వాటిలో ముదురు రేణువులుంటాయి. స్టెరాయిడ్ వల్ల పెరిగినప్పుడు ఇవి సాధారణంగా అంతగా ఉండవు. సీఆర్పీ తగ్గినంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికీ లేదు, ఎందుకంటే మందు ఇన్ఫెక్షన్ ఆనవాళ్లనూ జ్వరాన్నీ కప్పిపుచ్చగలదు.

క్షయ ప్లూరసీలో స్టెరాయిడ్ వల్ల నీరు, జ్వరం త్వరగా తగ్గవచ్చు. దీర్ఘకాలంలో ఊపిరితిత్తుల పనితీరు మెరుగవుతుందన్న రుజువు మాత్రం బలంగా లేదు. హెచ్ఐవీ ఉన్నవారిపై ఉగాండాలో జరిపి 2004లో ప్రచురించిన పరీక్షలో, ప్రెడ్నిసోలోన్ తీసుకున్నవారిలో కపోసి సార్కోమా అనే క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. అందుకే క్షయ మందులతో పాటు దీన్ని అందరికీ అలవాటుగా ఇవ్వరు. లూపస్ ప్లూరసీలో పరిస్థితి వేరు. అక్కడ రోగనిరోధక వ్యవస్థే సొంత ఒంటిపై దాడి చేస్తుంది కాబట్టి, నొప్పి మందులకు లొంగనప్పుడు స్టెరాయిడే ముఖ్యమైన ఆసరా.

క్షయ మందు రిఫాంపిసిన్, కాలేయం ప్రెడ్నిసోలోన్‌ను విరగ్గొట్టే వేగాన్ని పెంచుతుంది. అందువల్ల రెండూ కలిపి వాడేటప్పుడు మోతాదును డాక్టరు సరిచూస్తారు. వారాల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపకూడదు. బయటి మందుకు అలవాటుపడి, అడ్రినల్ గ్రంథులు సొంత హార్మోన్ తయారీని తగ్గించేసి ఉంటాయి. అందుకే మోతాదును మెల్లగా దించుతూ వస్తారు. మందు పూర్తిగా ఆగాక న్యూట్రోఫిళ్లు, లింఫోసైట్లు, షుగర్ మెల్లగా మునుపటి తీరుకు చేరతాయి.