చలువ కళ్ళద్దములు: ఎవరికెట్టివి?

ఎండలు ముదిరినంతనే మన పట్టణములలో వీధి ప్రక్కలను చలువ కళ్ళద్దముల బళ్ళు వెలయును. పెద్ద దుకాణమునకు పోయినచో అచ్చట బేరము మరియొక దారి పట్టును. ‘ఇవి మామూలువి, ఇవి పోలరైజ్డువి’ అని దుకాణదారు రెండు రకములను ముందుంచి, రెండవదానికి హెచ్చు వెల చెప్పును. ఆ హెచ్చు వెల ఎవరు చెల్లింపవలెను, ఎవరికి అనవసరము అను విషయమును శ్రోతలకు విన్నవింపదలచితిమి.

రకముల మాటకు ముందు నలుపును గురించి ఒక మాట చెప్పక తప్పదు. అద్దమెంత నల్లనైనదైన కంటికంత రక్షణయని మనలో చాలమంది నమ్మకము. ఎండలోని అతినీలలోహిత కిరణములు కంటికి కనబడవు. అవి ఏండ్ల తరబడి సోకుట కంటిలో శుక్లములేర్పడుటకును, తెల్లగ్రుడ్డుపై కండ పెరుగుటకును ఒక కారణము. వానిని ఆపునది అద్దపు పదార్థమో, దానిపై పూసిన పూతయో గాని రంగు కాదు. తెల్లని అద్దము సైతము వానిని ఆపగలదు. కారునలుపు అద్దము ఆపకపోవచ్చును. పైగా నల్లని అద్దము చాటున చీకటియని భ్రమించి కంటిపాప విప్పారును. తలుపు బారుగా తెరచి దొంగను పిలిచినట్లే! కావున మీరు కొనునది ఏ రకమైనను మొదట అడుగవలసినది ‘యూవీ 400’ అను గుర్తు. 400 నానోమీటర్ల వరకు గల ఆ కిరణములను అద్దము అడ్డగించునని దాని అర్థము. గుర్తును ఎవరైనను అచ్చు వేయించుకొనవచ్చును గనుక, మంచి దుకాణములలో ఈ కిరణములను కొలుచు చిన్న యంత్రము ఉన్నచో దానిపై పెట్టి చూపుమని అడుగుట మేలు.

ఇక పోలరైజ్డు అద్దముల సంగతి. నిలువు ఊచల కిటికీలోనుండి ఒక త్రాటిని లాగి పట్టుకొని, కొసను పైకి క్రిందికి ఊపుడు. అల ఊచల సందున సాఫీగా సాగిపోవును. ప్రక్కలకు ఊపినచో ఊచలకు తగిలి ఆగిపోవును. వెలుగు కూడ అట్టి కంపనమే. సూర్యునినుండి నేరుగా వచ్చు వెలుగు అన్ని దిశలను కంపించును. చెరువునీటిపైననో, తడిసిన తారురోడ్డుపైననో పడి మరలిన వెలుగులో అడ్డకంపనము హెచ్చు. దీనినే శాస్త్రజ్ఞులు ధ్రువణమందురు. పోలరైజ్డు అద్దమునందలి సన్నని పొర నిలువు ఊచల కిటికీవలె పనిచేసి ఆ అడ్డవెలుగును త్రోసిపుచ్చును. మామూలు చలువ అద్దము మిరుమిట్లను, చూడవలసిన వస్తువును ఒకే తీరున మసకబరచును. ఇది మిరుమిట్లను మాత్రమే ఏరివేయును. 1929లో అమెరికాలో ఎడ్విన్ లాండ్ ఇట్టి పొరకు పేటెంటు కోరినదాదిగా ఈ విద్య బజారునకు దారి తీసినది.

అయితే మరలిన వెలుగంతయు ఒకే తీరుగా ఉండదు. 1815లో డేవిడ్ బ్రూస్టర్ కనుగొన్న సూత్రము ప్రకారము, సూర్యుడు దిక్చక్రమునకు సుమారు 37 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు నీటిపైనుండి మరలిన తళుకు దాదాపు పూర్తిగా అడ్డకంపనమే. అనగా మన ప్రాంతమున చైత్రమాసపు మధ్యాహ్నము మూడున్నర, నాలుగు గంటల వేళ. అప్పుడు మచిలీపట్టణమునుండి విజయవాడకు కారు నడుపువారికి సూర్యుడు ఎదుటనే ఉండును. ఒక జల్లు పడి వెలిసినచో రోడ్డే అద్దమగును. ఆ మిరుమిట్లలో ముందు పోవు సైకిలువాడు కానరాకపోవుట ప్రాణములతో కూడిన వ్యవహారము. అట్టివారికి పోలరైజ్డు అద్దములు తగినవని మా అభిప్రాయము. కొల్లేటిలో పడవ నడుపువారికిని, సముద్రముపై వేటకు పోవువారికిని అంతే. నీటి పైతళుకు తొలగి లోపలిది కొంత కనబడును. సూర్యుడు ఇంకను క్రుంగి అస్తమయము దగ్గరపడినప్పుడు మాత్రము ఈ మేలు తగ్గిపోవును. నేరుగా కంటబడు సూర్యుని విషయమున ఇవియు మామూలు నల్ల అద్దములే.

మరియొక విచిత్రము. హైదరాబాదు మాధాపురమునందలి గాజుగోడల మేడలనుండి సాయంకాలపు ఎండ కంట కొట్టినచో ఈ అద్దములు అంతగా అక్కరకు రావు. గోడ నిలువుది గనుక వాలిన ఎండ దానినుండి నిలువు కంపనముతో మరలి, మన ‘ఊచల’ సందున చక్కగా దూరి వచ్చును. 1808లో పారిసులో మాలూ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లక్సెంబర్గు భవనపు కిటికీలలో తళుక్కుమన్న అస్తమయ సూర్యకాంతిని ఒక స్ఫటికముగుండ చూచియే, మరలిన వెలుగునకు ఈ గుణము కలదని గ్రహించెను.

బజారుకు పోయివచ్చువారికి, బస్సుకై నిలుచువారికి, మేడపై వడియములు పెట్టుకొను గృహిణులకు కిరణములనాపు మామూలు అద్దములే చాలును. ఫోనులో దారి చూచుకొనుచు సరకులు చేర్చు యువకులు పోలరైజ్డువి కొనుటకు ముందు ఆలోచింపవలెను. తెరను ఒక ప్రక్కకు త్రిప్పినప్పుడు అది నల్లబడిపోవచ్చును. మోటారుసైకిలు నడుపువారికి రోడ్డుపై ఒలికిన నూనె జాడ చెప్పునది దాని తళుకే. ఆ తళుకును కూడ ఈ అద్దము మాపును. రాత్రివేళ బండి నడుపుటకు రెండును పనికిరావు.

అసలు పోలరైజ్డువేనా అను అనుమానమున్నచో రెండు జోళ్ళను తీసికొని, ఒకదాని అద్దము వెనుక రెండవదాని అద్దము నిలువుగా పట్టి మెల్లగా త్రిప్పుడు. రెండును పోలరైజ్డువే అయినచో పావు చుట్టు తిరుగునప్పటికి చీకటి కమ్మును. దుకాణదారు మరుగు బొమ్మ గల అట్టను చూపి ‘చూడుడు, అద్దములతో బొమ్మ కనబడుచున్నది’ అనిన, అది ధ్రువణమునకే సాక్ష్యము. కిరణముల మాట ఆ అట్ట చెప్పజాలదు.

పిల్లల విషయము వేరుగా చెప్పవలెను. పసివారి కంటిలోని కటకము పెద్దలదానికంటె స్వచ్ఛముగా ఉండుటచే ఈ కిరణములు లోపలి పొరవరకు హెచ్చుగా చేరును. తిరునాళ్ళలో కొనిపెట్టు రంగురంగుల ఆటవస్తువు అద్దములను పెట్టి వారిని ఎండలోనికి పంపుటకంటె వెడల్పు అంచు టోపీ పెట్టి పంపుడు. కళ్ళద్దములే కావలెనని పిల్లవాడు పట్టుబట్టినచో, యంత్రముపై పరీక్షించిన మామూలు జోడు చాలును.